ఇల్లటం పీట

"పీట యాడ?"

నరసన్న అడగడం ఇది మూడోసారి. మొదటిసారి మామూలుగా అడిగాడు. రెండోసారి తడికాళ్ళతో వచ్చి, వంటింటి గోడవైపు చూసి అడిగాడు. ఈసారి గడపలో నిలబడిపోయి, సమాధానం వచ్చేదాకా కదిలేది లేదన్నట్టు అడిగాడు.

సిద్దమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. సంగటి కుండలో తెడ్డు తిప్పుతూనే ఉంది. ఆ సంగటి ఎప్పుడో ఉడికింది.

"నిన్నే అడిగేది. నా పీట యాడ?"

"ఇదుండాది గదయ్యా," అంటూ ఆమె గోడకు ఆనించి ఉన్న పీటను తీసి వాల్చింది. "కూసో. సంగటి చల్లారిపోతాది."

"ఇది మామది."

"నాయన ఇంగ లేడు గదా."

"లేడు గాబట్టే దీని మీద కూసోను. ఆయన ఎప్పుడు పోతాడా, ఆయన పీట ఎప్పుడెక్కుదామా అని కాసుకోనుండె అంటారు. నా పీట ఇయ్యి. దాని మీద తింటా."

ఆ గోడకు పదమూడేళ్ళుగా రెండు పీటలు ఆనించి ఉండేవి. ఒకే మద్ది పలకను రెండుగా కోయించి, పొట్టి కాళ్ళు కొట్టించి చేసినవి. ఒకటి సిద్దమ్మ తండ్రి తిమ్మయ్యది, రెండోది ఆమె భర్త నరసన్నది. తిమ్మయ్య పోయిన ఈ పన్నెండు రోజులూ ఇంట్లో ఎవరూ పీట వాల్చుకోలేదు. మైల రోజులు కనుక అందరూ కటిక నేల మీదే తిన్నారు. మైల తీరి పీటలు వాల్చడం ఈ మధ్యాహ్నమే మొదలు.

ఈ మధ్యాహ్నం వస్తుందని సిద్దమ్మకు తెలుసు. రెండు రోజులుగా దానికే భయపడుతోంది. పీట ఎక్కడుందో కూడా ఆమెకు తెలుసు. చెప్పడానికే నోరు రావడం లేదు.

గోడవారగా, చుట్టాలకు వాల్చే పీట మీద కూర్చొని శ్రీనివాసులు రొట్టె తుంచుకుంటున్నాడు. సిద్దమ్మ చెల్లెలు కృష్ణవేణమ్మకు మొగుడు. కడపలో ఒక వకీలు దగ్గర గుమాస్తా. వకీలు చెప్పిందల్లా రాసీ రాసీ, ఆ తెలివంతా తనదేనని ఒక నమ్మకం కుదిరిపోయింది పాపం.

"చెక్కముక్కకు ఇంత రచ్చేందన్నా," అన్నాడతను, చెనక్కాయల ఊరిమిండి పచ్చడి వేలికి అద్దుకుంటూ. "నేల మీద కూసుంటే సంగటి గొంతు దిగదా?"

నరసన్న మెల్లగా అతని వైపు తిరిగాడు.

"నీకు చెక్కముక్కే. నువ్వు ఈ ఇంటి చేన్లో ఒక్క పొద్దన్నా మడక పట్టినావా? ఒక్క పొద్దన్నా గొడ్లకు నీళ్ళు పెట్టినావా? ఈడికొచ్చిన కాన్నుంచి ఇంగోళ్ళు వాల్చిన పీట మీద కూసొని తినిందే గదా నువ్వు జేసిన పని!"

"నోరు జారొద్దన్నా."

"నా పీట యాడికి పోయిందో చెప్పు, జారను."

పీట పోతే ఏం పోతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తిమ్మయ్యకు మగపిల్లలు లేరు. అందుకని చెల్లెలి కొడుకు నరసన్నకు పెద్దకూతుర్నిచ్చి, ఇల్లటం తెచ్చుకున్నాడు. అల్లుడుగా కాదు, కొడుకుగా. భుజాన ఒక్క కంబళితో వచ్చిన వాణ్ణి నలుగురు పెద్దమనుషుల ముందర తన పక్క పీట మీద కూర్చోబెట్టి, ఇక నా పక్క పీట వీనిది, నా తర్వాత చేను వీనిది అన్నాడు. కాగితం రాయలేదు. నోటిమాట ఉండగా కాగితమెందుకని ఆయన ధీమా. ఆ నలుగురిలో ముగ్గురు పోయారు. మిగిలింది పెద్ద ఈరన్న ఒక్కడు. ఆయనకు ఎనభై దాటాయి. నిన్న వచ్చి, "ఆ పొద్దు ఎవురేమన్న్యారో నాకిప్పుడు గుర్తురాదప్పా. వాన్ని కూసోబెట్టిన పీట మాత్రం గుర్తుండాది. రేపు దాన్ని నా ముందర పెట్టండి. చూస్తే మాట దానంతటదే వస్తాది," అని చెప్పి వెళ్ళాడు.

ఆ రేపు ఇవాళే. పొద్దు కొంచెం వాలగానే ఆయన ఇంకో ఇద్దరితో వస్తాడు. గోడకు చూస్తే తిమ్మయ్య పీటే ఉంది.

"నిన్న పెద్ద ఈరన్న మామ ఏమన్న్యాడు? నా పీట పెట్టమన్న్యాడు," అన్నాడు నరసన్న. "తెల్లారేసరికి అదే మాయం. మామదుండాది, నాదే పోయింది. అది పోతే లాభమెవురికప్పా? నాకా?"

దొడ్డిలో అంట్లు తోముతున్న కృష్ణవేణమ్మ బూడిద చేతులతోనే లోపలికొచ్చింది.

"అంటే ఏంది బావా? మేము దొంగలమా?"

"నేనట్ల అన్ల్యా."

"అన్నట్లే ఉండాది! నా మొగుడు చట్టం మాట చెప్పినాడు. కొత్త చట్టం వచ్చిందంట, కూతుర్లిద్దరికీ సమానమంట, అది చెప్పినాడు. అడిగితే అడిగినామను. పీట దొంగిలించేటంత గతిలేనోళ్ళమా మేము? చెక్క పీటను ట్రంకుపెట్టెలో పెట్టుకొని కడపకు పోతామా? పో, పోయి ఎతుక్కో! పెట్టె ఆడే ఉండాది, తాళం గూడ ఎయ్యల్యా!"

"ఎతకాల్సింది నేను గాదు. మీ ఆయన్ను చెప్పమను."

కృష్ణవేణమ్మ అక్క వైపు తిరిగింది. చిన్నప్పుడు ఎవరు కొట్టినా ఆమె మొదట చూసేది అక్కనే. ఇప్పుడూ అలాగే చూసింది.

"అక్కా, నువ్వన్నా చెప్పు. నేను తీసినానా?"

అప్పుడు చెప్పి ఉండవలసింది. రెండు ముక్కల్లో తేలిపోయేది. కానీ మొగుని కళ్ళు తన మీదే ఉన్నాయి. ఆ కళ్ళు చూసి సిద్దమ్మకు ప్రాణం చివుక్కుమంది.

"నాకేం తెలుసే," అంది.

అన్న మరుక్షణమే తన మీద తనకే ఒళ్ళు మండింది. చెల్లెలి మొహం పాలిపోయింది. ఆ పిల్లకు దొంగ అన్న మాట కంటే అక్క అన్న ఈ మాటే ఎక్కువ తగిలింది.

"దాన్ననొద్దండి."

పడసాల మూల నుంచి వచ్చింది ఆ మాట. అందరూ ఉలిక్కిపడ్డారు. తల్లి వెంకటలక్ష్మమ్మ. మొగుడు పోయిన నాటి నుంచి ఆమె నోట మంచినీళ్ళడిగిన మాట తప్ప ఇంకో మాట రాలేదు.

"చిన్నది తీయల్యా. సిద్దమ్మే ఇచ్చింది. పదకొండో నాడు. గురమ్మకు."

పొయ్యి మీద సంగటి అడుగంటుతున్న వాసన వస్తోంది. ఎవరూ దించలేదు.

పదకొండో నాడు పోయినవారి బట్టలు, చెప్పులు, చెంబు, కూర్చున్న పీట, పోయినవారి పేరు చెప్పి ఇంటి చాకలికి ఇవ్వడం ఆ ఊరి ఆచారం. అది ఆడవాళ్ళు చూసుకునే పని, ఏమేమి ఇచ్చారో మగవాళ్ళు అడగరు. అలా ఇచ్చింది చావుతో పాటు ఇల్లు దాటిపోయినట్టు లెక్క.

"మామ పీట గదా ఇయ్యాల్సింది," అన్నాడు నరసన్న.

"ఇయ్యలేకపోతినయ్యా," అంది సిద్దమ్మ. ఇక దాచడానికి ఏమీ లేక మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "చేతికి తీసుకొంటి. కుడిపక్క అరిగి గుంట పడుండాదే, నాయన అరచేయి ఊని లేచే తావు. ఆడ చేయి పెడితే నాయన చేయి మీద పెట్టినట్లాయె. దాన్ని గురమ్మకిచ్చేకి నాకు చేతులు రాలేదు. రెండూ ఒకే మాదిరుండాయి గదా, నీది ఇచ్చి ఇది పెట్టుకుంటే ఎవురికి తెలుస్తాదిలే అనుకొంటి. నీకు ఇంగోటి చేయించవచ్చు అనుకొంటి..."

"ఇంగోటి చేయిస్తావా?"

"పగకు చేసినానా నేను? నీ మీద కోపంతో చేసినానా?"

"సచ్చిపోయినోని పీట గోడకు దాచిపెట్టుకున్న్యావు. బతికుండేవోని పీట సావుదానం చేసినావు. పగకు చేసింటే బాగుండు. నేను గుర్తుకు రాక చేసినావు చూడు, అదీ నాకు మండేది."

శ్రీనివాసులు రొట్టె నమలడం మానేశాడు. అతని మొహంలో ఏదో వెలిగింది, వెంటనే ఆర్పుకున్నాడు. కానీ సిద్దమ్మ చూడనే చూసింది.

"ఏమప్పా, నవ్వొస్తాందా?" అంది.

"నేనేమన్న్యా వదినా? మీ చేతుల్తో మీరే ఇస్తిరి. రేపు ఎవురన్నా ఏమంటారు? మామతో పాటు ఇల్లటం గూడ తీరిపోయిందనే గదా! అదీగాక కొడుకైనోడు తలకొరివి ఎందుకు పెట్టలేదు?"

"పెట్టనిచ్చినారా?" నరసన్న అరిచాడు. "మామ పాలోళ్ళు, ఆ దాయాదులు, కట్టెలకాడ అడ్డం నిలబడితే నువ్వు చేతులు కట్టుకొని చూస్తాండ్ల్యా?"

అని, తువ్వాలు విదిలించి భుజాన వేసుకొని బయటికి వెళ్ళిపోయాడు. దూరం పోలేదు. గొడ్ల కొట్టం ముందర, పనికొచ్చిన కూలోళ్ళు కూర్చొని తినే బండ దగ్గర, బండ మీద కూడా కాదు, దాని పక్కన మట్టిలో బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు.

"సంగటి ఈడికి తెండి! ఆకులో ఏసి తెండి! కూలోళ్ళకు పెట్టినట్ల పెట్టండి!"

వీధిన పోయేవాళ్ళిద్దరు ఆగి చూశారు. సిద్దమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు చేసింది తనే. దానికి నాలుగు దెబ్బలు కొట్టినా పడి ఉండేది. ఊరందరూ చూసేట్టు మట్టిలో కూర్చోవడం ఎందుకు? ఆమె సంగటి కుండను దించి, ఆకు తీసుకోబోయింది.

కృష్ణవేణమ్మ ఆ ఆకు లాక్కుంది. సంగటి ముద్ద వేసి, పుంటికూర వేసి, విసవిసా కొట్టం దగ్గరికి నడిచింది.

"దొంగను గదా బావా. దొంగచేతి కూడు తింటావా?"

నరసన్న తలెత్తలేదు. ఆకు అందుకున్నాడు.

సిద్దమ్మ అప్పటికే వీధిలో ఉంది.

గురమ్మ ఇల్లు ఊరి చివర, వంక పక్కన. సిద్దమ్మ పోయేసరికి గురమ్మ చావిట్లో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మడతలు పెట్టినవన్నీ నేల అంటకుండా పీట మీద పేర్చింది. ఆ పీట మీదే.

"గురమ్మా, పీట తిరిగియ్యి."

గురమ్మ చేతిలో చీర అలాగే ఆగిపోయింది.

"ఏం మాటమ్మా అది? ఇచ్చింది తిరిగి తీసకపోతారా?"

"అది నాయనది గాదు. నా మొగునిది."

"నేను ఆ పొద్దే అడిగితి గదమ్మా. ఇది పెద్దాయనదేనా, అల్లుని పీట మాదిరుండాదే అని. నువ్వేమంటివి? నాయనదే, తీసకపో అని గదిమితివి."

"అబద్ధం చెప్పినా. తప్పయింది. ఇయ్యి."

గురమ్మ బట్టలన్నీ ఒక్కొక్కటే చాప మీదికి మార్చింది. తొందరపడలేదు. ఆమెకూ కోపంగానే ఉంది. ఇన్నేళ్ళుగా ఈ ఇంటి మైలంతా మోసిన మనిషి. తన చేతికి మారుపీట అంటగట్టారన్న సంగతి ఇప్పుడు తెలిసింది.

"దీని మీద ఆశ నాకేం లేదు, తీసకపో. కానీ రెండు మాటలు ఇనిపో. సావు పేరు చెప్పి ఇచ్చింది మళ్ళా గడప దాటి లోపలికి పోకూడదు. దాని మీద ఎవురు కూసుంటే వాళ్ళకు మంచిది గాదు. ఇంగోటి, పెద్దమనుషులు నన్ను పిలిచి అడిగితే జరిగింది జరిగినట్టే చెప్తా. నీకోసం అబద్ధమాడను."

"ఆడొద్దులే," అంది సిద్దమ్మ.

పీటను చంకనెత్తుకొని ఎండలో వెనక్కి నడిచింది. పదమూడేళ్ళుగా రోజుకు రెండుసార్లు వాల్చిన పీట. తుడిచింది, కడిగింది, గోడకు ఆనించింది. ఆడవాళ్ళు అన్నం తినేది నేల మీద కనుక దాని మీద కూర్చుని ఎరుగదు. ఇంత బరువుంటుందని ఇవాళే తెలిసింది.

ఆమె వచ్చేసరికి పెద్దమనుషులు వచ్చేసి ఉన్నారు. వాకిట్లో వేపచెట్టు నీడన మంచం వేశారు. మధ్యలో పెద్ద ఈరన్న, అటొకరు, ఇటొకరు. శ్రీనివాసులు తలకు నూనె రాసి దువ్వుకొని ఎదురుగా నిలబడ్డాడు. నరసన్న అక్కడే, కొట్టం ముందర మట్టిలోనే ఉన్నాడు. తిన్న ఆకు ముందర అలాగే ఉంది.

వెంకటలక్ష్మమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"దాన్ని లోపలికి తేవొద్దు సిద్దమ్మా. ఒక సావు అయింది. సాలు."

సిద్దమ్మ అడుగు ఆగిపోయింది. లోపలికి పోలేక, పీటను పడేయలేక వాకిలి నడుమ నిలబడింది. అందరూ ఆమెనే చూస్తున్నారు.

"ఏం తల్లీ, అదేనా ఆ పీట?" పెద్ద ఈరన్న కళ్ళ మీద చేయి అడ్డం పెట్టుకున్నాడు. "యాడికి పోయిండె అది?"

"గురమ్మ ఇంటికి చిన్నాయనా."

"దానమిచ్చినారు మామా," శ్రీనివాసులు అందుకున్నాడు. "వదినే ఇచ్చింది. మామ దినాల్లో. అడగండి ఆమెనే. ఎవురి పేరు మీద ఇచ్చిందో, ఎవురి పీట ఇచ్చిందో."

పెద్ద ఈరన్న పక్కనున్న పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "అదే తేలాల్సింది. చెప్పమ్మా. తిమ్మయ్య పేరు మీద ఇచ్చింటే, ఇది తిమ్మయ్య పీట అయితాది. అల్లుని పేరు మీద ఇచ్చింటే అల్లునికీ ఇంటికీ ఆ పొద్దే తెగిపోయినట్ల. ఏదో ఒకటి చెప్పల్ల."

ఏది చెప్పినా నరసన్న కింద పీట ఉండదు. సిద్దమ్మ కొట్టం వైపు చూసింది. నరసన్న ఇటే చూస్తున్నాడు. ఒక్క మాట కోసం చూస్తున్నాడు. అది ఏ మాటో ఆమెకు ఆ క్షణాన తట్టలేదు. కోపం తప్ప ఏమీ తట్టలేదు. మంచం మీది ముగ్గురి మీద కోపం, దువ్విన తల మీద కోపం, మట్టిలో కూర్చున్న మొగుని మీద, బతికుండగా ఒక్క కాగితం రాయని తండ్రి మీద కూడా కోపం.

పీటను దబ్బున నేలన వేసి, దాని మీద కూర్చుంది.

వీధి గోడ మీద నుంచి చూస్తున్న ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పెద్దమనుషుల ముందర పీటెక్కిన ఆడది ఆ ఊళ్ళో అంతవరకూ లేదు.

"ఎవురి పేరు మీదా ఇయ్యల్యా, పోండి!" అంది సిద్దమ్మ. "ఇచ్చింది నేను, తెచ్చింది నేను. సావుపీట అంటారా, నేనే కూసున్న్యా, సస్తే నేనే సస్తా. కొత్త చట్టం కూతుర్లకంటాండె గదా మా మరిది! ఆ కూతుర్ని నేనే గదా! ఈ ఇంట్లో పుట్టింది నేను. చేను ఎవురిదని అడగాలంటే నన్నడగండి. నాది!"

ఎవరో ఒకరు కసురుతారని ఎదురుచూసింది. ఎవరూ కసరలేదు. శ్రీనివాసులు చేతులు జోడించాడు.

"అదే గదా వదినా నేను మొదట్నుంచీ మొత్తుకుంటాండేది! ఇంటి కూతుర్లది. మీకొక పాలు, మీ చెల్లెలికొక పాలు, అత్తకొక పాలు. ఇల్లటం గిల్లటం ఏమీ లేదని మీ నోటితోనే అంటిరి. ఇన్న్యారు గదా మామా?"

తను ఏమన్నదో సిద్దమ్మకు అప్పుడు తెలిసింది. మొగుణ్ణి కాపాడుతున్నాననుకుంటూ, మరిది నెల రోజులు తిరిగినా చేయలేని పని ఒక్క అరుపుతో చేసి పెట్టింది.

నరసన్న లేచాడు. తిన్న ఆకు తనే మడిచి తీసి దిబ్బ మీద వేశాడు. చేతులు కడుక్కున్నాడు. కొట్టంలోకి పోయి, కొక్కేనికి వేలాడే కంబళి తీసి భుజాన వేసుకున్నాడు. పదమూడేళ్ళ కింద వేసుకొచ్చిన కంబళి. అంచులు చీకిపోయాయి.

"యాడికప్పా?" వెంకటలక్ష్మమ్మ గడప దాటి వచ్చింది. "నరసన్నా, యాడికి?"

"మా ఊరికి అత్తా. ఎద్దులకు నీళ్ళు పెట్టిండా. పొద్దు గూకినాక మేత ఎయ్యమను ఎవురినన్నా."

సిద్దమ్మ పక్కనుంచే పోయాడు. ఆమె వైపు చూడలేదు, పీట వైపూ చూడలేదు. "ఏమయ్యా," అని పిలవబోయింది.

పెద్ద ఈరన్న మంచం మీద నుంచి మెల్లగా దిగాడు. కర్ర ఊతంతో వచ్చి సిద్దమ్మ ముందర నిలబడ్డాడు.

"లెయ్యి తల్లీ. నువ్వు దాని మీద కూసోనుంటే నేనేం చూసేది?"

ఆమె లేచింది. ముసలాయన కష్టపడి గొంతుక్కూర్చొని, పీట పలక మీద అరచేయి పెట్టి తడిమాడు. ఎడమ మూలన చెక్కలో ఒక నల్లటి ముడి ఉంది. వేళ్ళు దాని మీద ఆగాయి. పలకంతా మెల్లగా ఇంకోసారి తడిమి, మళ్ళీ ఆ ముడి దగ్గరికే వచ్చాడు.

"ఇదే," అన్నాడు. "ఈ ముడి. కూసునేటప్పుడు గుచ్చుకుంటాదేమో అని తిమ్మయ్య తన తువ్వాలు తీసి దీని మీద పరిచినాడు. పరిచి, కూసో కొడకా అన్న్యాడు. అల్లుడా అనలేదు, కొడకా అన్న్యాడు. నాకు గుర్తొచ్చింది. యాడ వాడు? పిలవండి, వాని ముందర చెప్తా."

సిద్దమ్మ వాకిలి దాటి వీధిలోకి పరుగెత్తింది. వంక దాకా దారంతా ఎండ కాస్తోంది. మనిషి లేడు. గురమ్మ ఒక్కతే, తలమీద మూటతో ఎదురొస్తోంది.

"అల్లుడెక్కినాడమ్మా ఆత్మకూరు బస్సు," అంది గురమ్మ. "పిలిస్తే గూడ తిరిగి చూడల్యా."